1975లో మా ఊరి బడికి వచ్చిన ఉపగ్రహ టీవీ: ఆ కాగితాలు, ఫొటోలు ఎక్కడ వెతకాలి?

పాతపెట్టె
మా నాయన కల్వకుర్తి వైపు ఒక పల్లెలో ఏకోపాధ్యాయ పాఠశాల నడిపారు. 1975 ఆగస్టులో ఆ బడికి టీవీ వచ్చింది. అప్పటికి ఊళ్లో చాలా ఇళ్లకు కరెంటే లేదు. బడి పక్కన పెద్ద గుండ్రటి వల నిలబెట్టారట, అచ్చం కోళ్ల గూటికి కట్టే వల లాంటిదే. టీవీ పెట్టె తాళంచెవి నాయన దగ్గర ఉండేది. అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ ఆయనను ‘టీవీ సారు’ అనే తలచుకుంటారు. ఏడాది నడిచాక ఒక రోజు ఆగిపోయింది, అంతే.

నాయన పోయి రెండేళ్లు. ఆయన ట్రంకుపెట్టెలో రెండు వస్తువులు దొరికాయి. ఒకటి నోటుపుస్తకం. ఏ రోజు బొమ్మ వచ్చింది, ఏ రోజు రాలేదు, ఎంతమంది కూర్చున్నారు అని రోజువారీగా రాసుకున్నారు. చివరి పేజీలు చెదలు తినేశాయి. రెండోది ఒక నలుపు తెలుపు ఫొటో. టీవీ ముందు నేల మీద పిల్లలు, అంచున ఎవరిదో సగం భుజం. ఆ భుజం నాయనదే అని నా నమ్మకం. ఫొటో వెనుక సగం చెరిగిన రబ్బరు ముద్ర, దాని కింద సిరాతో వేసిన అంకెలు ఉన్నాయి. ముద్రలో ‘అంతరిక్ష’ అన్న మాట ఒక్కటే చదవగలిగాను.

నెగెటివ్ ఎక్కడైనా ఉంటే పూర్తి బొమ్మ చూడాలని ఆశ. రెండు కార్యాలయాలకు ఉత్తరాలు రాశాను. ఒకరు తమ దగ్గర రాకెట్ల ఫొటోలే ఉన్నాయన్నారు. ఇంకొకరు ఏమీ రాయకుండా ఒక గోడ క్యాలెండర్ పంపారు. ఇలాంటి ప్రచార విభాగాల పాత ఫొటోలు, చరిత్ర కాగితాలు చివరికి ఎక్కడికి చేరుతాయి? మామూలు మనిషికి చూపిస్తారా?

జడ్చర్ల_జంక్షన్
క్యాలెండర్ ఏ సంవత్సరానిది?

పాతపెట్టె
గడిచిపోయిన సంవత్సరానిది.

పిల్లలమర్రి_నీడ
మీరు చెబుతున్నది ‘సైట్’. ఉపగ్రహం ద్వారా పల్లెలకు బోధనా టీవీ చూపిన ప్రయోగం. 1975 ఆగస్టు 1న మొదలై 1976 జులై 31న ముగిసింది. ఉపగ్రహం మనది కాదు, నాసా వాళ్ల ఏటీఎస్-6. 1974 మేలో ప్రయోగించారు. ఏడాది కోసం దాన్ని ఆఫ్రికాలో కెన్యా నెత్తి మీదికి జరిపి మనకు అరువు ఇచ్చారు. గడువు తీరగానే వెనక్కి తీసుకున్నారు. మీ ఊళ్లో ‘ఒక రోజు ఆగిపోయింది’ అంటే ఇదే కారణం, టీవీ చెడిపోయి కాదు.

ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలను తీసుకున్నారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి మహబూబ్‌నగర్, మెదక్, హైదరాబాద్, కర్నూలు జిల్లాలు. కార్యక్రమాలు రోజుకు నాలుగు గంటలు. ఉదయం గంటన్నర బడి పిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు ఊరందరికీ. ఉదయపు గంటన్నరను హిందీ, తెలుగు, కన్నడ, ఒడియా నాలుగూ పంచుకోవాలి. మన వాటా ఇరవై రెండున్నర నిమిషాలు.

జడ్చర్ల_జంక్షన్
ఆ అర నిమిషం దగ్గర ఎంత గొడవ జరిగి ఉంటుందో.

నల్లగొండ_నీళ్లు
జాబితాలో మా జిల్లా పేరు లేదు. కానీ దేవరకొండ దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో పంచాయతీ టీవీ ఉండేది, నేనే చూశాను. మీ జాబితా తప్పు.

పిల్లలమర్రి_నీడ
ఏ సంవత్సరంలో చూశారు?

నల్లగొండ_నీళ్లు
నేను మూడో తరగతి. అంటే 1979 కావచ్చు.

పిల్లలమర్రి_నీడ
అదీ సంగతి. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరులో మొదలైంది. మీరు చూసింది భూమి మీది టవరు నుంచి వచ్చిన బొమ్మ అయి ఉంటుంది. వీళ్లది నేరుగా ఆకాశం నుంచి దిగింది.

నల్లగొండ_నీళ్లు
ఫ్లోరైడు నీళ్లేమో మాకు, ఆకాశం టీవీలేమో పాలమూరుకు. సరే, రాసిపెట్టుకోండి.

గద్వాల_అంచు
మా పెద్దమ్మ మక్తల్ వైపు పల్లెలో చూసిందట. ఆ ఉపగ్రహంలో ఒక బొమ్మకు రెండు మాటల దారులు ఉండేవని తరువాత చదివాను. అంటే ఒకే దృశ్యాన్ని ఒక చోట తెలుగులో, మరో చోట కన్నడంలో వినిపించవచ్చు. ఒక సాయంత్రం వాళ్లకు తెలుగుకు బదులు కన్నడం వచ్చిందట. మెకానిక్కుకు కబురు పెట్టాలా అని సారు అడిగితే, ‘ఉండనీ సారూ, మా చుట్టాల భాషే’ అన్నారట ఊరివాళ్లు. సరిహద్దు ఊళ్లలో సగం మంది కోడళ్లు రాయచూరు వాళ్లే కదా.

అమెరికా_అల్లుడు
ఉపగ్రహం నాసాది అయితే కాగితాలు కూడా అక్కడే చూడాలి, మీరు తప్పు గుమ్మం తడుతున్నారు. నాసాకు 1959 నుంచే ప్రత్యేకంగా చరిత్ర విభాగం ఉంది. వాషింగ్టన్‌లోని ప్రధాన కార్యాలయంలో పత్రికా ప్రకటనలు, ఉపన్యాసాలు, పత్రికల కత్తిరింపులు, అధికారుల జీవిత వివరాలు అంశాల వారీగా దస్త్రాలు కట్టి పెట్టుకున్నారు. సాంకేతిక నివేదికలైతే వేలకొద్దీ ఇంటర్నెట్‌లో ఉచితం. ఏటీఎస్-6 మీద ఆరు సంపుటాల తుది నివేదిక ఉంది, అందులో నాలుగోది టెలివిజన్ ప్రయోగాలది. మన పల్లెల సంగతి అక్కడ దొరుకుతుంది. వాళ్ల ఫొటోలకు సాధారణంగా హక్కుల బాధ కూడా ఉండదు. వాళ్ల 1958 చట్టంలోనే సమాచారాన్ని వీలైనంత విస్తారంగా జనానికి అందించాలని రాసుకున్నారు. మనవాళ్లేమో క్యాలెండర్ పంపుతారు.

మన్యంకొండ_మెట్లు
నూటికి నూరు పాళ్లు నిజం. ఇక్కడ అడిగితే ‘రహస్యం’ అంటారు. కోళ్ల గూటి వలలో ఏమి రహస్యం ఉందో వాళ్లకే తెలియాలి.

రికార్డు_రూము
ఒక ప్రభుత్వ దస్త్రాల గదిలో ముప్పై ఏళ్లు దుమ్ము తిని పదవీ విరమణ చేసినవాణ్ణి. అంతరిక్ష శాఖతో నాకు సంబంధం లేదు గానీ కాగితాల స్వభావం అన్ని శాఖల్లోనూ ఒకటే. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ప్రచార విభాగం కాగితాలు వేరు, చరిత్ర విభాగం కాగితాలు వేరు. ప్రచార విభాగం బయటివాళ్ల కోసం పనిచేస్తుంది. పత్రికా ప్రకటన, ఫొటో, ఫొటో కింద రెండు వాక్యాలు, సినిమా రీలు, ప్రదర్శనశాల బొమ్మ. పని ఈ రోజుది. రేపటికి పాతబడిపోతుంది, ఎల్లుండి అటక ఎక్కుతుంది. చరిత్ర విభాగం తీరిగ్గా, తరువాత వస్తుంది. ఉద్యోగులను కూర్చోబెట్టి అడుగుతుంది, ఉత్తరాల నకళ్లు పోగేస్తుంది, పుస్తకం రాయిస్తుంది. అప్పటికి ప్రచార విభాగం అటక మీద ఏది మిగిలిందో అదే దానికి ముడిసరుకు. అల్లుడు గారు చెప్పిన నాసాలో ఈ రెండో పనికి తొలినుంచీ మనుషులను పెట్టారు. నాసా పుట్టింది 1958లో, మరుసటి ఏడాదికే చరిత్రకారుడు కుర్చీలో కూర్చున్నాడు. అది ఒప్పుకోవలసిన గొప్పతనం.

కానీ అక్కడ అన్నీ పదిలంగా ఉన్నాయనుకుంటే పొరపాటు. చంద్రుడి మీద తొలి అడుగు వేసిన అపోలో 11 టీవీ సంకేతాల అసలు టేపులను చెరిపి మళ్లీ వాడేసుకున్నారని 2009లో నాసానే ఒప్పుకుంది. చివరికి టీవీ సంస్థల దగ్గర మిగిలిన ప్రసార నకళ్లను తెచ్చి శుభ్రం చేయించారు. మనిషి చంద్రుడి మీద దిగిన టేపుకే ఆ గతి పట్టింది.

ఇక్కడి సంగతి. మన అంతరిక్ష కాగితాలన్నీ రహస్యం కాదు. రాకెట్ ఇంజిను పటాలు రహస్యం కావచ్చు, పిల్లలు టీవీ చూస్తున్న ఫొటో ఎందుకవుతుంది? మీకు ఫొటో దొరకకపోవడానికి అసలు కారణం వేరు. ఆ నెగెటివ్ ఉన్నా దాని కవరు మీద మీ ఊరి పేరు ఉండదు. ‘టీవీ చూస్తున్న గ్రామీణులు’ అని ఉంటుంది. ఫొటోలో పెట్టె కంపెనీ పేరు, యాంటెన్నా కొలత రాస్తారు, మనుషులను గంపగుత్తగా ‘గ్రామీణులు’ చేసేస్తారు. మీరు ఊరి పేరుతో అడుగుతున్నారు, వాళ్ల సూచికలో ఊరే లేదు. అందుకే లేదంటున్నారు. అబద్ధం చెప్పడం లేదు పాపం.

మన్యంకొండ_మెట్లు
‘పాపం’ అన్నారు చూశారా. ముప్పై ఏళ్ల ఉద్యోగం అంత తేలిగ్గా వదలదు.

రికార్డు_రూము
వదలదు. పింఛను ఇంకా వస్తోంది కదా.

తెల్లకాగితం
టేపుల మాట వచ్చింది కాబట్టి ఒక పిట్టకథ. 1966-67లో నాసా చంద్రుడి చుట్టూ అయిదు లూనార్ ఆర్బిటర్ నౌకలను తిప్పి ఫొటోలు తీయించింది. ఆ టేపులను పారేయవద్దని ఒక మహిళా ఉద్యోగి పట్టుబట్టింది. వాటిని చదివే కాలం చెల్లిన యంత్రాలను ఏళ్ల తరబడి తన ఇంటి షెడ్డులో దాచింది. 2008 ప్రాంతంలో టేపులను, యంత్రాలను కాలిఫోర్నియాలోని నాసా వాళ్ల ఏమ్స్ కేంద్రానికి తెచ్చి, అక్కడ మూతపడిన ఒక మెక్‌డొనాల్డ్స్ దుకాణంలో పెట్టి బాగుచేశారు. 1966లో భూమి ఉదయిస్తున్నట్టు కనిపించిన ఫొటో అంతకుముందు ఎన్నడూ చూడనంత స్పష్టంగా బయటపడింది. అంత పెద్ద నాసా చరిత్రను కూడా ఒక ఇల్లాలి షెడ్డే కాపాడింది. పాతపెట్టె గారూ, మీ ట్రంకుపెట్టె కూడా అదే జాతి.

అమెరికా_అల్లుడు
ఒప్పుకుంటాను. అయినా ఆ తప్పు జరిగిందని వాళ్లే నివేదిక రాసి బయట పెట్టారు కదా. ఇక్కడైతే టేపు పోయిందో లేదో కూడా తెలియదు. తేడా అది.

రికార్డు_రూము
ఆ మాటకు ఎదురు చెప్పను.

షాద్‌నగర్_రైలు
మన గడ్డ మీదే పెద్ద అంతరిక్ష భాండాగారం ఉంది, ఎవరూ గుర్తు చేయరేమిటి? షాద్‌నగర్‌లో దూరసంవేదన కేంద్రం భూస్థావరం. 1979 నుంచి అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు, తరువాత మన ఉపగ్రహాల చిత్రాలు అక్కడే దిగాయి. జిల్లాలు విడగొట్టక ముందు అది మహబూబ్‌నగరే. మా నాన్న రైల్లో వెళ్తూ ఆ తెల్లటి గిన్నెలను చూపించి ‘అవి ఆకాశంతో మాట్లాడతాయి’ అనేవారు.

పిల్లలమర్రి_నీడ
అక్కడ ఉన్నది చెరువు ఎంత ఎండింది, అడవి ఎంత తరిగింది అనే చిత్రాలు. వీరు అడుగుతున్నది బడి ఫొటో. ఉపగ్రహానికి పిల్లల ముఖాలు కనబడవు.

షాద్‌నగర్_రైలు
తెలుసు. గర్వం కొద్దీ చెప్పాను, దానికీ అభ్యంతరమా?

చెరువుగట్టు
ప్రచార కాగితాలంటే నాకు బెలూన్ల ప్రకటన గుర్తొస్తుంది. హైదరాబాద్‌లో టాటా పరిశోధన సంస్థ వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది. పెద్ద ప్లాస్టిక్ బెలూన్లకు పరికరాలు కట్టి ముప్పై కిలోమీటర్ల పైకి పంపుతారు. తరువాత అవి పారాషూట్లతో ఎక్కడో పడతాయి. ‘ఎర్ర పారాషూటుతో దిగిన పెట్టెలు కనబడితే ముట్టుకోకండి, తెరవకండి, పోలీసులకు చెప్పండి’ అని పేపర్లో వేస్తారు. పడే జిల్లాల వరుసలో నల్లగొండ, మహబూబ్‌నగర్ పేర్లు చూసి చిన్నప్పుడు రోజూ ఆకాశం చూసేవాణ్ణి. ఆ కత్తిరింపులు రెండు ఇప్పటికీ ఉన్నాయి.

నల్లగొండ_నీళ్లు
మా చేనులో పడింది ఒకసారి. పోలీసులు వచ్చేలోపు ప్లాస్టిక్ అంతా మాయం. ఆ వానాకాలం మా వాడలో ఒక్క గడ్డివాము కూడా తడవలేదు. విజ్ఞాన ఫలాలు పల్లెకు అందడమంటే అదే.

చెరువుగట్టు
పెట్టె తెరిచారా?

నల్లగొండ_నీళ్లు
తెరవలేదు. మా తాత దానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. ఆ తరువాత తెరవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

గద్వాల_అంచు
కింద వాక్యం లేని ఫొటో ఎంత అన్యాయం చేస్తుందో చెప్పడానికి ఎద్దులబండి ఫొటో చాలు. 1981లో మన ‘ఆపిల్’ ఉపగ్రహాన్ని ఎద్దులబండి మీద పెట్టిన ఫొటో అందరూ చూసే ఉంటారు. చూసినవాళ్లంతా ‘అయ్యో, లారీకి కూడా డబ్బు లేదు’ అంటారు. అసలు సంగతి వేరు. ఉపగ్రహం యాంటెన్నాను బయట పరీక్షించాలి. చుట్టూ ఇనుము ఉంటే సంకేతాలు చెదిరిపోతాయి. కొయ్యబండి అయితే ఆ చిక్కు లేదు. అది తెలివి, పేదరికం కాదు. ఆ ఒక్క వాక్యం ఫొటోతో పాటు ప్రయాణం చేయలేదు కాబట్టి నలభై ఏళ్లుగా జాలి పడుతున్నారు.

జడ్చర్ల_జంక్షన్
ఎద్దులు మాత్రం తమను ఎవరూ పరిచయం చేయలేదని బాధపడుతూ ఉంటాయి.

రికార్డు_రూము
గద్వాల అమ్మాయి సరైన చోట పట్టుకుంది. పాతపెట్టె గారూ, ఇప్పుడు పని మాటలు. మీరు ప్రచార విభాగం ఒక్కదాన్నే పట్టుకుని వేలాడకండి. సైట్‌లో సామాజిక పరిశీలన అనే పెద్ద పని జరిగింది. ప్రయోగానికి ముందు, మధ్యలో, తరువాత పల్లెల్లో సర్వేలు చేశారు. కొన్ని ఊళ్లలో పరిశోధకులు నెలల తరబడి కాపురమే పెట్టారు. వాళ్లకు ఊరి పేరు లేకుండా పని జరగదు. ఊరి పేరుతో దొరికే కాగితం ప్రచార విభాగంలో కాదు, అక్కడ ఉంటుంది. ఆ పనికంతా కేంద్రం అహ్మదాబాద్‌లోని అంతరిక్ష ఉపయోగాల కేంద్రం. అప్పుడు దానికి యశ్‌పాల్ గారు అధిపతి, సైట్‌ను నడిపింది ఈ.వి. చిట్నిస్ గారు. కార్యక్రమాలు తయారుచేసిన బృందం తరువాత అదే ఊళ్లో విద్యా ప్రసార విభాగంగా కొనసాగింది. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్ నిర్మాణ కేంద్రంలో తయారయ్యాయి. రాష్ట్ర ప్రభుత్వం వైపు కాగితాలకు తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన దస్త్రాల సంస్థ. ఊరి ఎంపిక, కరెంటు, గది, తాళంచెవి అన్నీ జిల్లా యంత్రాంగం చూడాల్సినవే కాబట్టి కలెక్టరేటు దస్త్రాలూ మరవకండి.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. కేంద్ర కార్యాలయాలకు రుసుము పది రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. తమది కాకపోతే సంబంధిత కార్యాలయానికి వాళ్లే బదిలీ చేయాలి. ‘ఎందుకు దాచలేదు’ అని మాత్రం అడగకండి, ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వనక్కరలేదు. ‘1975-76 నాటి సైట్ ఫొటోల సూచిక నకలు ఇవ్వండి, నెగెటివ్‌లను స్వయంగా పరిశీలించే అవకాశం ఇవ్వండి’ అని అడగండి. పరిశీలనకు మొదటి గంట ఉచితం. ఇరవై ఏళ్లు దాటిన సంగతులకు చట్టంలోని మినహాయింపులు చాలావరకు వర్తించవు. దేశ భద్రత వంటి కొన్నే మిగులుతాయి. ఇంకొక మాట, 1993 నాటి ప్రభుత్వ దస్త్రాల చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ దస్త్రాన్ని పద్ధతి లేకుండా నాశనం చేస్తే అయిదేళ్ల వరకు జైలుశిక్ష వేయవచ్చు. దరఖాస్తులో ఆ మాట రాసి బెదిరించకండి. తెలిసి ఉంటే చాలు.

మన్యంకొండ_మెట్లు
అయితే చెదల మీద కేసు పెట్టాలి.

ఊరబావి
ఆ లెక్కన ఈ నోటుపుస్తకం కూడా ప్రభుత్వ దస్త్రమే. బడి సొత్తు. జాతీయ ప్రాచీన పత్రాగారానికి అప్పగించడం న్యాయం. ఇంట్లో పెట్టుకుంటే మిగతా పేజీలు కూడా పోతాయి.

పాతపెట్టె
అప్పగించను. క్షమించండి. క్యాలెండర్ పంపినవాళ్ల చేతిలో నాయన చేతిరాత పెట్టలేను.

ఊరబావి
ఇదే మనస్తత్వం. ప్రభుత్వం దాచిపెడితే తప్పు, మనం దాచిపెడితే ప్రేమ.

గద్వాల_అంచు
ఊరబావి గారి మాట కటువుగా ఉన్నా పూర్తిగా తప్పు కాదు. నకలు తీసి నలుగురికి ఇవ్వవచ్చు కదా?

రికార్డు_రూము
సొంత డబ్బుతో కొన్న పుస్తకంలో సొంతంగా రాసుకుంటే అది సొంతమే. హాజరు పట్టిక వంటి అధికారిక పుస్తకం అయితే వేరు. నకలు తీయండి. పుస్తకాన్ని లామినేషన్ మాత్రం చేయించకండి, చేతులు జోడించి చెబుతున్నాను. ప్లాస్టిక్ కాగితంలో ఇరుక్కున్న దస్త్రాన్ని మళ్లీ బయటికి తీయడం ఎవరి తరమూ కాదు. సెల్లోటేపు అంటించకండి. చెదలు తిన్న పేజీలను కూడా తిన్నట్టుగానే ఫొటో తీయండి. ఫొటో వెనుక వైపును తప్పకుండా తీయండి, మీకు ఇల్లు చూపేది ఆ సగం ముద్రే. పేర్లు రాయాలంటే ఫొటో మీద కాదు, కవరు మీద పెన్సిలుతో రాయండి.

చెరువుగట్టు
నోటుపుస్తకంలో ఏముందో రెండు ముక్కలు రాయండి, చదవాలని ఉంది.

పాతపెట్టె
కొన్ని రాస్తున్నాను.

‘బొమ్మ బాగుంది. వరి తెగుళ్ల గురించి చెప్పారు. మన ఊళ్లో వరి లేదు.’

‘కరెంటు లేదు. 140 మంది వచ్చి కూర్చుని, పెట్టెను చూసి వెళ్లారు.’

‘బొమ్మ ఉంది. మాట లేదు. నేనే చెప్పాను.’

‘ఢిల్లీ వార్తలు హిందీలో. పటేలు గారొక్కరే తల ఊపుతున్నారు. ఆయనకూ అర్థం కాదు.’

‘సర్వే వాళ్లు వచ్చారు. టీవీ వల్ల ఏమి మారింది అని అడిగారు. సాయంత్రం బడి ఊడ్చేవాళ్లు దొరుకుతున్నారు అన్నాను. రాసుకోలేదు.’

తెల్లకాగితం
‘మాట లేదు. నేనే చెప్పాను.’ ఇది చదివి పది నిమిషాలు ఏమీ టైపు చేయలేకపోయాను.

షాద్‌నగర్_రైలు
ఆ రోజు ఏమి చెప్పారో? కెన్యా మీది ఉపగ్రహం ఒక కథ పంపితే మాస్టారు ఇంకో కథ చెప్పి ఉంటారు.

పిల్లలమర్రి_నీడ
‘సర్వే వాళ్లు వచ్చారు’ అన్న పేజీకి తేదీ ఉందా? ఉంటే రికార్డు రూము సారు చెప్పిన దారిలో అదే మీకు పెద్ద ఆధారం. ఏ విడత సర్వేనో తేలుతుంది.

పాతపెట్టె
ఉంది. 1976 జనవరి. ఇది నాకు తట్టలేదు, ధన్యవాదాలు.

ఈసీఐఎల్_మామ
ఆ సెట్లు తయారైంది మా హైదరాబాద్‌లో, ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లో. గిన్నె వ్యాసం మూడు మీటర్లు. వల అని చిన్నచూపు చూడకండి. రేకు గిన్నె అయితే గాలికి ఎగిరిపోతుంది, బరువు, ఖరీదు. ఆ తరంగాలకు వల కన్నాలు లెక్కలోకి రావు, గాలి మాత్రం దూరిపోతుంది. ఉపగ్రహం గిన్నె తొమ్మిది మీటర్లు ఉండి గట్టిగా పంపింది కాబట్టి కింద మూడు మీటర్ల వల సరిపోయింది. ఇలాంటి సెట్టు ఒకటి కొలంబోలో రచయిత ఆర్థర్ సి. క్లార్క్ ఇంటికి కూడా వెళ్లింది. భూస్థిర ఉపగ్రహాలతో ప్రసారాలు చేయవచ్చని 1945లోనే రాసిన మనిషి కదా, ఆ గౌరవంతో.

జడ్చర్ల_జంక్షన్
మీ ఊళ్లో ఆ వల తరువాత ఏమైంది?

పాతపెట్టె
తెలియదు. అడిగి చెబుతాను. ఎలాగూ ఊరికి వెళ్లాలి.

పాతపెట్టె
మూడు వారాలు మాయమయ్యాను. సంగతులు చాలా ఉన్నాయి.

మొన్న ఆదివారం ఫొటోను పెద్దది చేయించి ఊరికి తీసుకెళ్లాను. నాయనకు రోజూ మజ్జిగ పంపిన ఇంటి పెద్దమ్మ ఒకామె ఉంది, ఎనభై దాటాయి. అద్దాలు లేకుండా ఫొటో చూసి, ముందు వరుస నుంచి ఒక్కొక్కరి పేరు చెప్పుకుంటూ పోయింది. పదకొండు మంది. ఎవరు ఎక్కడ ఉన్నారు, ఎవరు పోయారు, ఎవరు బొంబాయికి వలస వెళ్లి తిరిగి రాలేదు, అన్నీ. ఎనిమిదో పిల్ల దగ్గర పక్కింటామె వచ్చి అది ఆ పిల్ల కాదు, చెల్లెలు అంది. ఇద్దరూ తగవు పడ్డారు. రెండు పేర్లూ పెన్సిలుతో కవరు మీద రాసుకున్నాను.

అంచున ఉన్న భుజం నాయనది కాదు. ఊరి కావలికారుదట. చొక్కా చూసి చెప్పింది. మరి మా నాయన ఎక్కడ అని అడిగాను. ‘మీ నాయన ఫొటోలో ఎందుకు ఉంటాడు? పెట్టె వెనకాల తీగ పట్టుకుని నిలబడ్డాడు. వదిలితే బొమ్మ పోయేది. ఫొటో తీసేటాయన సరిగ్గా ఆయన పక్కనే నిలబడి తీశాడు’ అంది.

వల సంగతి: ప్రయోగం అయ్యాక సామాను తీసుకుపోయారట. కానీ వల ముక్క ఒకటి పెద్దమ్మ ఇంటి వెనుక ఉంది. దాని కింద కోళ్లే ఉన్నాయి.

నల్లగొండ_నీళ్లు
వల ఫొటో ఇక్కడ పెట్టకండి. ఆడిట్ వాళ్లు చదువుతారు.

తెల్లకాగితం
ఫొటోలో ఆయన లేరు గానీ, ఆ పిల్లలందరూ చూస్తున్నది ఆయన వైపే కదా.

ఊరబావి
నోటుపుస్తకం గురించి నేను అన్న మాటకు కొంచెం సిగ్గుగా ఉంది. అయినా నకలు తార్నాకకు ఇవ్వండి.

పాతపెట్టె
ఇస్తాను ఊరబావి గారూ, పేజీలన్నీ ఫొటోలు తీశాను. పెద్దమ్మ చెప్పిన పేర్ల కాగితం కూడా జత చేస్తాను. ఆ రెండూ కలిసే ఉండాలి.

సమాచార హక్కు దరఖాస్తుకు కూడా జవాబు వచ్చింది. మొదటి కార్యాలయం ఇంకొక దానికి బదిలీ చేసింది. రెండోవాళ్లు సూచిక నకలు పంపారు, తొమ్మిది పేజీలు, పద్దెనిమిది రూపాయలు. రికార్డు రూము సారు అన్నట్టే వరుసగా ‘టీవీ చూస్తున్న గ్రామీణులు’, ‘టీవీ చూస్తున్న గ్రామీణులు’, ‘టీవీ చూస్తున్న బాలలు’. ఊరి పేరు ఒక్కచోట కూడా లేదు. కానీ మా ఫొటో వెనుక ఉన్న అంకెలు ఏడో పేజీలో ఉన్నాయి. అదే సంఖ్య కింద నాలుగు నెగెటివ్‌లు ఉన్నట్టు రాశారు. వచ్చి చూసుకోవచ్చన్నారు.

రికార్డు_రూము
నాలుగా! ఒకే చోట నాలుగు తీసినవాడు ఒక్కటైనా పక్కకు జరిగి తీసి ఉంటాడు. భూతద్దం తీసుకెళ్లండి. తెల్ల చేతితొడుగులు అడగండి, ఇవ్వకపోతే చేతులు కడుక్కుని అంచులు మాత్రమే పట్టుకోండి.

జడ్చర్ల_జంక్షన్
జవాబుతో పాటు క్యాలెండర్ పంపారా?

పాతపెట్టె
పంపారు. ఈసారి ఈ ఏడాదిదే.

ఒక సందేహం. మిగతా నెగెటివ్‌లలో మనుషులను నేను గుర్తుపట్టలేను. పెద్దమ్మను వెంట తీసుకెళ్లవచ్చా?

రికార్డు_రూము
వెళ్లే ముందు ఒక ఉత్తరం రాసి, సహాయకురాలు వస్తున్నారని తెలియజేయండి. అంత దూరం ఆమె ప్రయాణం చేయగలదా?

పాతపెట్టె
అడిగాను. కిటికీ పక్క సీటు అయితే వస్తానంది.